ఆఁ

మంగళవారాలు రాత్రి ఏడింటికి
ఫైర్‌స్టేషన్ మేడమీద పాఠం.
కింద ఎర్రబండి నిద్రపోతుంటుంది.
పైన పదకొండు మంది పెద్దవాళ్లు
బూట్లకంటిన మంచు చాపమీద కరుగుతుండగా
మా అమ్మ నాకు ఊరికే ఇచ్చిన భాషని
డబ్బు కట్టి నేర్చుకుంటారు.
ఈ కాంప్‌బెల్టన్ ఊళ్లోనే మా నాన్న
దుకాణంలో ఆ భాషని గుటకేసి
వేలితో చూపించి మేకులు కొనేవాడు.
సరే, ఆ సంగతి పుస్తకంలో లేదు.

పేర్లతో వాళ్లకి పేచీ లేదు.
రొట్టె, తలుపు, వాన, ఇట్టే పట్టేస్తారు.
పేరుకి బదులొచ్చే చిన్న మాటల దగ్గరే
జనవరి పొద్దున కారులా మొరాయిస్తారు.

బెర్నీస్ ఎస్టబ్రూక్స్, వృద్ధాశ్రమంలో నర్సు,
ఎన్నిసార్లు చెప్పినా
"చూస్తాను ఆమెని" అంటుంది.
"ఇస్తాను దాన్ని అతనికి" అంటుంది.
మా దాంట్లో మనుషులు ముందొచ్చి నిలబడతారు తల్లీ,
పని వాళ్ల వెనకాలే వస్తుంది అంటాను.
ముందుకి, ఇంకా ముందుకి అని చేతులూపుతాను
ఇరుకు సందులో లారీ తిప్పిస్తున్నట్టు.

కుక్కకీ జడ్జీకీ ఒకటే మాట ఉన్నవాళ్లు కదా,
నువ్వెక్కడో మీరెక్కడో తెలీదు.
తొంభయ్యేళ్ల మదామ్ అర్సెనోని
"నిద్రపట్టిందా నీకు?" అని అడిగిందట.
"ఏం, మనిద్దరం కలిసి పందుల్ని కాశామా?"
అందట ముసలావిడ, దుప్పటి ముసుగెయ్యకుండానే.

"బల్ల ఆడదా? ఎవరు చూశారు?"
అడిగాడు హార్లన్ మచ్, వెనక బల్ల దగ్గర్నించి.
నేనూ చూడలేదు, మా అమ్మమ్మ చెప్పింది.
"మరి పడవ?"
పడవ మగవాడు.
"నలభై ఏళ్లు ఆమె అని పిలిచాను,
ఇప్పుడొచ్చి అతనంటావా!"
మేడంతా నవ్వు.
ఆ పడవని పోయినేడు అమ్మేశాడు,
ఎందుకని ఎవరూ అడగలేదు.
మనవరాలు ఫ్రెంచి బడికి పోతోందని
తనూ వచ్చి చేరాడు, అంతే తెలుసు మాకు.

అన్నిట్లోకీ పొట్టిది ఆఁ.
డాక్టరు నోరు తెరవమన్నప్పుడు వచ్చే చప్పుడు,
సగం ముక్కులోంచి.
ఇందాక మనం అనుకున్నవాటిలో, అని దాని అర్థం.
ఆపిళ్లెన్ని ఉన్నాయంటే నాలుగు అని ఊరుకోకూడదు,
వాటిలో నాలుగు అనాలి.
మళ్లీ పేరెత్తకుండా
పేరుని పక్కనే కూచోబెట్టుకోవాలి.
వాళ్ల చెవికది ఆనదు,
కిటికీ సందులోంచి గాలి అనుకుంటారు.

ఆ రాత్రి ప్రశ్నలు చుట్టూ తిరిగి వస్తున్నాయి.
కుర్చీలెన్ని, పిల్లులెన్ని, అన్నదమ్ములెందరు.
పిల్లలెందరు, అన్నాను హార్లన్ వైపు తిరిగి.
"జే త్రువా."
మూడేమిటి, పడవలా, పిల్లులా?
ఆఁ ఏదీ? మింగేశారు!
అందరూ నవ్వారు, అందరికంటే నేను గట్టిగా.

అతను కిటికీ అవతల
గడ్డకట్టిన రెస్టిగూష్ నదిని కాసేపు చూసి,
మెట్లు దిగేవాడిలా ఒక్కొక్కటే,
"జాఁ నవే త్రువా" అన్నాడు.
వాళ్లు ముగ్గురుండేవారు.
"జాఁ నే దు."
వాళ్లలో ఇద్దరున్నారు.

ఒక్క తప్పు లేదు.
ఆ భూతకాలం మేమింకా మొదలెట్టనే లేదు,
పుస్తకంలో అది తొమ్మిదో పాఠం.
ఇంటి దగ్గర ఒక్కడే కూచుని
అక్కడిదాకా చదువుకున్నాడన్నమాట,
తనకి కావలసిన ఒక్క వాక్యం కోసం.

బాగా చెప్పారనడం నా ఉద్యోగం.
సుద్దముక్క పట్టుకుని
అలాగే నిలబడిపోయాను.
కింద ఎవరో రేడియో ఆపారు.

బెర్నీస్ లేచి, బిస్కెట్ల డబ్బా
అతని ముందుకి జరిపింది.
"త్యు ఆఁ వు?"
వీటిలో కావాలా నీకు?
ఆఁ తన చోట ఉంది, క్రియకి ముందు.
ఇరవయ్యేళ్ల పెద్దవాణ్ని నువ్వు అంది.
దిద్దలేదు నేను.

రెండు తీసుకున్నాడు.
ఒకటి రుమాల్లో చుట్టి
కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.